డేగకంటికి ఆనని బెజ్జం

డేగ ఆ మధ్య పనికి దొడ్డిదారిన వెళ్ళడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్ళుగా ఆ వీధి తనకోసమే వేసినట్టు ఛాతీ విరుచుకుని ముందు గేటులోంచి నడిచిన మనిషి, ఉన్నట్టుండి మురుగుకాలవ పక్క సందులో పడ్డాడు. మొక్కల ట్రాలీలు వచ్చే వెనక గేటు దగ్గర తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి లోపలికి దూరేవాడు. కారణం ముందు గేటుకి ఎదురుగా ఉన్న ఇల్లు. ఆ ఇంటి ముంగిట ఒక కుట్టుమిషను, మిషను వెనక ఒక మనిషి. ఆ మనిషి తలమీద నీడ లేదు. మొన్నటిదాకా ఉండేది. దాన్ని రంపం పెట్టి కోసింది డేగే.

కన్నవాళ్ళు అతనికి ఏ పేరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. డేగ అని తనకు తానే పెట్టుకున్నాడు, తన కళ్ళంత చురుకైన కళ్ళు చుట్టుపక్కల లేవని. పదేళ్ళు చెప్పగా చెప్పగా, వినలేక జనం ఒప్పేసుకున్నారు. "కొమ్మ చివర చీమ పోతుంటే, అది అలిగి పుట్టింటికి పోతోందో, అలక తీరి తిరిగొస్తోందో కింద నుంచే చెప్పేస్తా" అనేవాడు. చీమని అడిగి రూఢి చేసుకునే వీలు ఎవరికీ లేదు కాబట్టి ఆ మాట అలా చెల్లిపోయింది.

ఆరో తరగతిలో రెండేళ్ళు కూర్చున్నాడు. రెండో ఏడు చివర్లో పంతులుగారు, "నాయనా, నువ్వు వెళ్తావా, నన్ను వెళ్ళమంటావా?" అని చేతులు జోడిస్తే, పెద్దవారిని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదని తనే లేచి వచ్చేశాడట. ఇది డేగ చెప్పిన కథ. ఇందులో పంతులుగారి వాటా ఎంతో తెలీదు గాని, బడి మానేసిన మాట నిజం. ఆ తర్వాత మేనమామ వెంట నర్సరీలో చేరి అంటుకట్టే పని నేర్చుకున్నాడు. మంచి కాయ కాసే చెట్టు నుంచి జానెడు రెమ్మ తెచ్చి, ఏపుగా ఎదిగే నాటు మొక్క మొదలుమీద అతికించి, పాలిథిన్ పట్టీతో చుట్టేసే పని. రెండూ కలిసి ఒక చెట్టవుతాయి.

కోతలు ఎన్ని కోసినా చేతిలో పని మాత్రం నికార్సయినదే. చాకు ఒక్కసారి జారిందంటే పుల్ల మొన కలం పాళీలా తేలేది, రెండో గీత అక్కర్లేదు. కత్తిరించిన పట్టీలు చెవిమీద వేలాడేసుకుని, పాట పాడినంత తేలిగ్గా కట్టుకుంటూ పోయేవాడు. నూటికి తొంభై అతుక్కునేవి. అతని లెక్కలో నూటికి నూటపది. ఆ పది ఎక్కడివంటే, "పక్కవాళ్ళు కట్టినవి కూడా నన్ను చూసి సిగ్గుపడి అతుక్కుంటాయి" అనేవాడు.

మేనమామ పోతూ పోతూ అతనికి ఇచ్చింది ఒక చాకు, రెండు మాటలు. మొదటిది: పట్టీ చుట్టే ముందు కోసిన ముఖం చూడు. పుల్ల లోపల తెల్లగా, నిండుగా ఉండాలి. రెండోది: బయటి నుంచి తెచ్చిన పుల్లలు మూడు వారాలు వలపెట్టెలో ఉండాలి. వలపెట్టె అంటే షెడ్డు మూల సన్నటి జాలీ బిగించిన చెక్కపెట్టె. పుల్లలో ఏది నిద్రపోతోందో పుల్లకే తెలీదురా అనేవాడు ముసలాయన.

నిద్రపోయేది ఏమిటంటే, ఒక చిన్న రెక్కల పురుగు పిల్ల. రెక్కల పురుగు గోటికంటే చిన్నది, బూడిద రంగు. గోడమీద వాలితే సున్నం పెచ్చు లేచిందనుకుంటాం. అది లేత రెమ్మ చివర, ఆకు కాడ పుట్టేచోట గుడ్డు పెట్టి పోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల రెమ్మలోకి దూరి, లోపలి మెత్తటి బెండు తింటూ కిందికి దిగుతుంది. బయట సూది మొనంత బెజ్జం, దానికి బిరడా కొట్టినట్టు చిటికెడు రంపపు పొట్టు. అంతే కనిపిస్తుంది. ఉన్నట్టుండి ఒక ఉదయం చిగురు మెడ విరిచినట్టు వాలిపోతుంది.

ఎదురింటి కుట్టుమిషనావిడని డేగ వదినా అనేవాడు. రక్తసంబంధం ఏమీ లేదు. ఆవిడ భర్త లారీమీద తిరిగే మనిషి, నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు. అతన్ని అన్నా అన్నందుకు ఈవిడ వదినైంది. ముంగిట్లో నిండుగా కమ్ముకున్న మామిడిచెట్టు, దాని కింద కాలితో తొక్కే మిషను, పక్కన గుడ్డలు పరిచి కత్తిరించే బల్ల. డేగ గేటు దాటకముందే ఆవిడ గొంతు లేచేది.

"ఏం మరిదీ, ఇవాళ చీమలన్నీ క్షేమమేనా?"

"క్షేమమే వదినా. నీ కుట్టులో నాలుగో పోగు తప్పిందని ఓ చీమ చెప్పింది."

"చీమకున్న చూపు నీకు లేదన్నమాట. పో పో, నీ చొక్కాకి గుండీ తప్పింది, ముందు అది చూసుకో."

అతను కిందికి చూసుకునేవాడు. నిజంగానే తప్పి ఉండేది. వీధంతా నవ్వేది, అందరికంటే గట్టిగా డేగ నవ్వేవాడు. ఆ ఒక్క మనిషి చేతిలో ఓడిపోవడం అతనికి ఇష్టం.

ఆ ఏడు వానాకాలం మొదట్లో నర్సరీ యజమాని, అందరూ సారు అని పిలిచే పెద్దాయన, డేగని పిలిచి ఒక పని చెప్పాడు. దూరాన ఒక తోటలో గొప్ప మామిడి ఉందట. కాయ అరచేతికి చాలదట, టెంక కాగితమంత పల్చనట. వెళ్ళి నలభై పుల్లలు తెమ్మన్నాడు. డేగ బస్సెక్కాడు. బస్సు సగం దారిలో ఆగిపోయింది. డ్రైవరు కిందికి దూరి కాళ్ళు మాత్రం బయటపెట్టి పడుకున్నాడు. గంట గడిచింది, రెండు గడిచాయి. ఎదురుగా ఒక టీకొట్టు, కొట్టు వెనక మామిడిచెట్టు. కాయ ఒకటి తిని చూశాడు. బాగానే ఉంది. బాగానే ఉన్నదానికీ గొప్పగా ఉన్నదానికీ తేడా తెలిసేది చెట్టు కాపుకొచ్చాక, అది మూడేళ్ళ మాట. అప్పటికి ఏ రాజో, ఏ గుర్రమో! టీకొట్టువాణ్ణి అడిగి నలభై పుల్లలు కోసుకుని, తడిగోనెలో చుట్టుకుని, ఎదురొచ్చిన బస్సులో ఇంటికొచ్చేశాడు.

మర్నాడు షెడ్డులో చెప్పిన కథ మాత్రం తోటదే. ఆ తల్లిచెట్టు ఎత్తుకి మబ్బులు చిక్కుకుని చిరుగులు పడ్డాయి. కింద దూడంత కుక్క కాపలా. అది తరిమితే డేగ చెట్టెక్కాడు. కుక్క కింద కూర్చుంది. మూడు గంటలు.

"పుల్లలు వలపెట్టెలో పెట్టు" అన్నాడు సారు.

"ఎందుకు సారూ? మూడు గంటలు చెట్టుమీద ఏం చేశాననుకున్నారు? ఆకు ఆకూ చూడ్డమే. ఆ చెట్టుకి పురుగు కాదు కదా, పురుగు నీడ కూడా లేదు. మొగ్గలు ఉబ్బి ఉన్నాయి, మూడు వారాలుంచితే ఎండిపోతాయి."

సారు పుల్లలవైపు చూశాడు, డేగవైపు చూశాడు. "నువ్వు చూశానంటే సరే" అన్నాడు.

ఆ ఉదయమే నలభై అంటులూ కట్టేశాడు. పనివాళ్ళు చుట్టూ చేరారు. చేతులు పుల్లమీద ఉన్నాయి గాని కళ్ళు వినేవాళ్ళ మొహాలమీద ఉన్నాయి. కుక్క గుటక వేసిన చోట ఎవరు నోరు తెరిచారు, తోకతో చెట్టుని ఊపిన చోట ఎవరు నవ్వాపుకోలేకపోయారు, అదే చూసుకున్నాడు. చాకు దానంతటది నడిచింది, పట్టీ దానంతటది చుట్టుకుంది. కోసిన ముఖం ఒక్కటి కూడా చూడలేదు.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. నలభైకి ముప్పైఆరు అతుక్కున్నాయి.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున షెడ్డు పక్క మడిలో చిగుళ్ళు తలలు వేలేశాయి. వారం తిరిగేసరికి పక్క మడి, ఆ పక్క మడి. సారు ఒక చిగురు తుంచి గోటితో చీల్చాడు. లోపల బెండు ఉండాల్సినచోట గోధుమరంగు గొట్టం. గొట్టంలో బియ్యపుగింజంత గులాబీరంగు పురుగు వెలుతురు భరించలేక మెలికలు తిరిగింది. రెండు వందల మొక్కలు పీకి పారేయాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళ నర్సరీలోకి ఈ పురుగు ఎన్నడూ రాలేదు.

"ఎక్కణ్ణించి వచ్చిందిరా ఇది?" అన్నాడు సారు. పనివాళ్ళందరూ డేగవైపు తిరిగారు. డేగకన్ను ఉన్నది దేనికి మరి!

అప్పుడు డేగ 'తెలీదు' అని ఉంటే సరిపోయేది. ఆ మాట అతని నోట పుట్టలేదు. పదిమంది చూస్తున్నారు. వేలు తడిచేసి గాలిలోకి ఎత్తాడు. ముక్కు ఎగబీల్చాడు. మెల్లిగా తల తిప్పి, గేటు అవతల, వీధికి ఆ పక్కన ఉన్న మామిడిచెట్టుని చూశాడు. దాని చివర రెండు రెమ్మలు ఎండి ఉన్నాయి. ఏ చెట్టుకైనా రెండు రెమ్మలు ఎండుతాయి.

"గాలి అటునుంచే సారూ. అదిగో, ఎండిన రెమ్మలు. ఇక్కణ్ణించే కనపడుతున్నాయి నాకు బెజ్జాలు."

నలభై అడుగుల దూరం. సూదిమొనంత బెజ్జం. ఎవరూ నవ్వలేదు. అదే అతని ఖర్మ. ఎప్పుడూ నవ్వేవాళ్ళు ఆ రోజు నమ్మారు.

సారు వీధి దాటి వెళ్ళి ఆవిడతో మాట్లాడాడు. డేగ గేటు దగ్గరే నిలబడ్డాడు, చెట్టు కొట్టే మాటదాకా రాదులే, రెండు కొమ్మలు తీసేస్తే సరిపోతుందంటారులే అనుకుంటూ. కాని సారు ముప్పై ఏళ్ళ మొక్కల మనిషి, పురుగంటే సగం పని చేసేవాడు కాదు. ఆవిడ కాసేపు చెట్టువైపు చూసింది, తర్వాత డేగవైపు చూసింది.

"మరిది చూశాడా?"

"చూశాడమ్మా."

"అయితే ఇంకేముంది? మీ మొక్కలు పోతుంటే నా నీడ చూసుకుంటూ కూర్చోనా? కొట్టించండి." ఆ వెంటనే గొంతు పెంచి, "కాని మరిదీ, నువ్వే కొయ్యాలి! ఇంకెవడి రంపమూ నా చెట్టుమీద పడ్డానికి వీల్లేదు" అంది.

రోజంతా పట్టింది. డేగ పైనుంచి కోసుకుంటూ వచ్చాడు. కింద పడ్డ కొమ్మల్ని కాల్చడానికి ముక్కలు చేస్తుంటే, పనివాడి అలవాటు కాబట్టి, కోసిన ముఖం ప్రతిదీ కంట్లో పడింది. తెలుపు. ఇంకొకటి, తెలుపు. ఆ ఎండిన రెండు రెమ్మలూ వెతికి పట్టుకుని నిలువునా చీల్చాడు. ఎండిపోయాయి, అంతే. బెండు నిండుగా ఉంది. చెట్టంతటిలో ఒక్క బెజ్జం లేదు.

అప్పటికి మొదలుదాకా కోయడం అయిపోయింది. మంట అంటించు మరిదీ, పొగ ఇంట్లోకి రాకుండా అటువైపు పెట్టు అని ఆవిడ కేకేసింది. అంటించాడు.

మర్నాడు షెడ్డులో ఎవరూ లేనప్పుడు, టీకొట్టు పుల్లలతో కట్టిన అంటులు నాలుగు పీకి, పట్టీలు విప్పి, అతుకు దగ్గర చీల్చాడు. మూడు బాగానే ఉన్నాయి. నాలుగోదానిలో గొట్టం ఉంది. పుల్ల బెండులోంచి ఏటవాలుగా దిగి, తను చాకుతో చెక్కిన ముఖం దగ్గర ఠక్కున తెగిపోయింది. కింద నాటు మొక్క చెక్కలో దాని జాడ లేదు. అంటే గొట్టం ముందే ఉంది, చాకు దాని మీదుగా వెళ్ళింది. గొట్టం సగం తెగి, తెరిచిన నోరులా చాకు ముఖంమీద కనపడుతుండగా, తను కుక్క తోక ఊపుతూ దానిమీద పట్టీ చుట్టేశాడు. పురుగు పక్కనుంచి బెజ్జం చేసుకుని, రెక్కలొచ్చి వెళ్ళిపోయింది. వీధి అవతలికి కాదు. పక్క మడిలోకి.

చాకు కిందపెట్టి అలా కూర్చుండిపోయాడు. చెవులు వేడెక్కాయి. మొహం, మెడ, చొక్కాలోపల ఛాతీ వరకూ వేడెక్కింది. చుట్టూ ఎవరూ లేకపోయినా రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

చెప్పేద్దామనుకున్నాడు. చెప్తే డేగ ఉండడు. సారు చాకు లాక్కుంటాడు. వదిన మొహం ఎలా మారుతుందో ఊహించుకోలేకపోయాడు. రేపు చెప్దాం అనుకున్నాడు. రేపటికి చాలా ఓపిక. ఎన్నిసార్లు పిలిచినా పలికింది.

పదో రోజున ఆవిడే నర్సరీకి వచ్చింది. షెడ్డు బయట చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర నిలబడింది.

"సారూ, మీకు మొహం చూపించడానికి నాకు సిగ్గుగా ఉంది. నా చెట్టు మూలంగా రెండు వందల మొక్కలు పోయాయి. ఇంట్లోనే ఉండి నేను చూసుకోలేదు. చిరిగిన షేడ్‌నెట్‌లుంటే ఇవ్వండి, కుట్టి పెడతాను. నా చేతనైంది అది."

సారు వద్దన్నాడు. ఆవిడ వినలేదు. చిరిగిన పచ్చటి వలలు మూడు మోపులు ఎత్తుకుంటూ, డేగవైపు తిరిగి, "నువ్వు కూడా ఏమీ అనుకోకు మరిదీ. నీ చేత ఆ పని చేయించాను" అంది. డేగ వంగి మూడో మోపు ఆవిడ చేతికి ఎత్తి ఇచ్చాడు.

ఆ మర్నాటి నుంచే వెనక గేటు.

అయినా వెనక గేటుకీ చెవులున్నాయి. మిషను చప్పుడు వినపడుతూనే ఉండేది. పొద్దున వాకిట్లో, ఎండ ఎక్కాక అరుగు మూల, మధ్యాహ్నం గోడవార. నీడ ఎటు జరిగితే మిషను అటు జరుగుతోందని చూడకుండానే తెలిసేది, ఇనప కాళ్ళు నేలమీద గీసుకునే చప్పుడుతో. ఆ ఎండలో, తలమీద తడిగుడ్డ వేసుకుని, ఆవిడ తన తప్పు కాని తప్పుకి పరిహారం కుడుతోంది. కుట్టిన వల వచ్చింది. చిరుగులన్నీ కలిపి ఒక్కటే పెద్ద వల, అంచుకి రెండు వరసల కుట్టు, తాళ్ళు దూర్చడానికి కొసల్లో ఉంగరాలు. దాన్ని కొత్త మడిమీద కట్టే పని సారు డేగకే చెప్పాడు. డేగ కట్టాడు. ఆ వల కింద నిలబడితే చల్లగా ఉంది. నిలబడలేక బయటికొచ్చేశాడు.

ఇంట్లో అన్నం కలిపి, కలిపి, వదిలేశాడు. అతని భార్య మూడు పూటలు చూసి నాలుగో పూట కంచం పక్కకు లాగింది.

"ఏం జరిగింది? కథ వద్దు. జరిగింది చెప్పు."

చెప్పాడు. టీకొట్టు దగ్గర మొదలుపెట్టి వలదాకా. ఆమె ముక్కుమీద వేలేసుకుని విన్నది.

"కుక్క కూడా లేదా?"

"లేదు."

"కనీసం కుక్కయినా ఉందనుకున్నా నేను." కంచంలో ఇంకాస్త కూర వేసింది. "ఆవిడ ఆ ఎండలో కూర్చుని నా జాకెట్టు కుడుతోంది. రేపు తెచ్చుకోవాలి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"చెప్తాను. ఎలా చెప్పాలో తెలీడం లేదు."

"తెలీదు మరి. నిజం చెప్పడం నీకు అలవాటు లేదు కదా!" అని కంచం ముందుకు తోసింది. "తిను. తిట్లు తినడానికైనా ఒంట్లో సత్తువుండాలి."

మర్నాడు ఉదయం డేగ ముందు గేటు వైపు నుంచి వెళ్ళాడు. వదిన అరుగు అంచున అరచేతి వెడల్పు నీడలో మిషను ఇరికించుకుని ఉంది. అతన్ని చూడగానే మొహం విప్పారింది.

"వచ్చావా! చీమలు నీమీద బెంగ పెట్టుకున్నాయి మరిదీ. ఎక్కడా కనపడవేం?"

"వదినా, నీకో మాట చెప్పాలి. ఆ పురుగు నీ చెట్టుది కాదు."

"ఆఁ?"

"నేనే తెచ్చాను. తోటకి వెళ్ళలేదు. బస్సు ఆగిపోతే టీకొట్టు వెనక చెట్టు పుల్లలు కోసుకొచ్చాను. వలపెట్టెలో పెట్టలేదు. కథ చెప్తూ చూడకుండా కట్టేశాను. నీ చెట్టుకి బెజ్జం కనపడిందన్నది అబద్ధం."

ఆవిడ అతన్నే చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఎంత మంచివాడివి మరిదీ! నేను బాధపడుతున్నానని, తప్పు నీమీద వేసుకోడానికి ఎంత కథ అల్లావు! బస్సు, టీకొట్టు… కుక్క ఉన్న కథే బావుంది."

"కథ కాదు వదినా, నీ మీద ఒట్టు."

"చాల్లే. పోయిన ఏడు పుచ్చకాయకి అంటుకట్టి గుమ్మడికాయ కాయించానని కూడా నామీదే ఒట్టు పెట్టావు. నేనింకా బతికే ఉన్నా. వెళ్ళు, పనికి ఆలస్యమవుతుంది. నా బాధ పోయిందిలే."

డేగ వీధి మధ్యలో నిలబడిపోయాడు. తిట్టి ఉంటే తలవంచుకునేవాడు. కొట్టి ఉంటే నిలబడేవాడు. ఆవిడ మెచ్చుకుంది. చచ్చినా బావుండు అనిపించింది. అలాగే పనికి వెళ్ళిపోవచ్చు కూడా. చెప్పాడు కదా! ఆవిడ నమ్మకపోతే అతనేం చేస్తాడు? ఆ ఆలోచన ఎంత తియ్యగా వచ్చిందంటే, రెండడుగులు గేటువైపు వేశాడు కూడా. అక్కడే మిషను మళ్ళీ నేలమీద గీసుకున్న చప్పుడు వినిపించింది. నీడ జరిగింది.

షెడ్డులోకి వెళ్ళి, రెండు పుల్లలు తీసుకుని తిరిగొచ్చాడు. ఒకటి చీల్చిన అంటు, పాతగుడ్డలో చుట్టి దాచింది. ఇంకొకటి ఆవిడ చెట్టు ఎండు రెమ్మ. కాల్చకుండా అదొక్కటి ఎందుకు దాచాడో అతనికే తెలీదు. రెండూ మిషను బల్లమీద పెట్టాడు. ఈసారి ఏమీ చెప్పలేదు.

ఆవిడ నవ్వుతూనే చీల్చిన అంటు తీసుకుంది. చెక్క గురించి ఆవిడకి తెలీదు. కాని ఇరవై ఏళ్ళుగా కోతలూ అతుకులూ చూస్తున్న కళ్ళు. అంటుని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పింది. గొట్టం తెగిన చోట గోరుతో రాసింది. నవ్వు మెల్లిగా ఆగింది.

"కత్తెర పడకముందే చిరుగుంది" అంది.

"ఉంది."

"చిరుగు మీదుగా కత్తిరించి, అలాగే కుట్టేశావు."

"కుట్టేశాను."

రెండో పుల్ల తీసింది. తెల్లటి బెండు. అడగకుండానే అది ఎక్కడిదో పోల్చుకుంది, పెంచిన మనిషి కదా. చాలాసేపు దాన్నే చూసింది. వీధిలో ఒక సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

"కోస్తున్నప్పుడు కనపడిందా, ఇలా తెల్లగా?"

డేగ తలూపాడు.

"ఎంతవరకూ కోశాక?"

"మొదలుదాకా కోశాకే రూఢిగా తెలిసింది. అనుమానం… కొంచెం ముందే వచ్చింది."

"ఎంత ముందు?"

ఇక్కడ ఒక చిన్న అబద్ధం చెల్లేది. గొంతులోకి వచ్చింది కూడా.

"సగం చెట్టు ఉండగా" అన్నాడు.

ఆవిడ పుల్లని బల్లమీద పెట్టింది. సూది కింద గుడ్డ సర్దుకుంది. తల ఎత్తకుండా, "సారుకి చెప్పారా?" అంది.

మీరు. పదిహేనేళ్ళలో ఆవిడ నోట ఆ మాట అతను వినలేదు. చెంపమీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు.

"లేదు వదినా."

"చెప్పి రండి."

షెడ్డులో అందరిముందూ చెప్పాడు. పక్కకి పిలిచి చెప్పొచ్చు, కాని కథ అందరిముందూ చెప్పినప్పుడు ఇది మాత్రం చాటుగా ఎందుకు! మొదట అందరూ నవ్వారు. టీకొట్టు దగ్గర ఇంకా నవ్వారు. "కుక్క ఎప్పుడొస్తుంది?" అన్నాడొకడు. "కుక్క లేదు" అన్నాడు డేగ. తర్వాత కూడా కథ వస్తుందని కాసేపు ఎదురుచూశారు. రాలేదు. ఒక్కొక్కరే ఎవరి మడివైపు వాళ్ళు వెళ్ళిపోయారు.

సారు అరవలేదు. "చాకు అక్కడ పెట్టు" అన్నాడు. పెట్టాడు. "ఆ అంటుల్లో మిగిలినవన్నీ పీకి కాల్చు. ఈ సీజనంతా వలపెట్టె దగ్గర ఉండు. వచ్చిన ప్రతి పుల్లా చూడు. మాట్లాడకుండా చూడు." చెప్పులేసుకుని, వీధి దాటి ఎదురింటికి వెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చినప్పుడు వెనక ఆవిడ ఉంది.

ఆవిడ షెడ్డులోకి రాలేదు. కొత్త మడి దగ్గరికి వెళ్ళి పైన కట్టిన పచ్చటి వలని చూసింది.

"ఇది నేను పట్టుకెళ్తాను సారూ. నాకు నీడ లేదు."

"తీసుకెళ్ళమ్మా. మళ్ళీ మొక్క పెట్టుకుంటానంటే, మంచిది ఏరి…"

"ముందు ఇవాళ్టి ఎండ సంగతి చూడనివ్వండి."

డేగ వల విప్పాడు. చుట్టి భుజాన వేసుకున్నాడు. ఆవిడ ముందు నడిచింది, అతను వెనక, ముందు గేటులోంచి, వీధిలో జనం చూస్తుండగా. నాలుగు వాసాలు పాతాలి. గడ్డపార ఆవిడ ఇంట్లో ఉంది. తీసి ఇచ్చింది. కొట్టేసిన మొదలు పక్కనే గుంట తవ్వుతుంటే చెట్టు వేళ్ళు తగిలాయి. వాటిని నరకకుండా గుంట పక్కకి జరిపాడు. ఆవిడ చూసింది.

ఉంగరాల్లోంచి తాళ్ళు దూర్చి, వల పైకి లాగాడు. నీడ పడింది. పల్చటి నీడ, చెట్టు నీడలా కాదు, నేలమీద చిన్న చిన్న గళ్ళు. ఆవిడ మిషను ఈడ్చుకొచ్చి దానికింద పెట్టుకుంది. దారం ఎక్కించి, ఒకసారి తొక్కి చూసి ఆపింది.

"ఎడమవైపు దించండి. కళ్ళలో పడుతోంది."

దించాడు.

"ఇంకొంచెం."

ఇంకొంచెం దించాడు. మిషను నడవడం మొదలుపెట్టింది. తాడు కట్టేశాక కూడా, ఇంకేమైనా చెప్తుందేమోనని వాసం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.